ఎర్ర సున్నా చుట్టిన పేరు



కొన్నేళ్ల కిందట, మిర్చి సీజన్ మంచి ఊపు మీదున్న రోజుల్లో, గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ యజమాని నన్ను పిలిపించి నా చేతిలో నాలుగు కాగితాలు పెట్టారు. వాళ్ల ఆఫీసు సర్వర్‌లోకి రాత్రిళ్లు ఎవరెవరో లాగిన్ అవ్వబోయి, కుదరక వెనక్కిపోయిన వివరాలవి. కాగితం నిండా వరసలు. ప్రతి వరసలోనూ తేదీ, టైము, ఒక పేరు, ఐపీ అనే ఒక అంకెల అడ్రసు. ఆ పేర్లలో ఒకదాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. కలం నొక్కిన నొక్కుడుకి కాగితం ఒకచోట చిరిగింది కూడా.

"వీడేనండీ, ఇంకెవరు? పని మానేసి రెణ్నెల్లయింది. పోలీసు స్టేషనుకి వెళ్లబోతున్నాను. కంప్యూటర్లు తెలిసినవారు కదా, మీరూ ఒక మాట రాసిస్తే గట్టిగా ఉంటుంది" అన్నారాయన.

ఆ పేరు వాళ్ల దగ్గర నాలుగేళ్లు లెక్కలు రాసిన అబ్బాయిది.

ఇవాళ నేను మీతో మాట్లాడదలచుకున్నది ఆ ఎర్ర సున్నా గురించి. చిన్న వ్యాపారాలన్నీ ఇప్పుడు సర్వర్ల మీదే నడుస్తున్నాయి. ముక్కూమొహం తెలియనివాళ్లు ఆ సర్వర్లలోకి చొరబడాలని చూడటం రోజూ జరుగుతోంది. అది ఎక్కణ్నుంచి వస్తోందో ఆరా తీయడం అందరూ తెలుసుకోవలసిన విద్య. దానికంటే ముందు తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటుంది. అడ్రసు దొరకడం వేరు, మనిషి దొరకడం వేరు. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం తెలియకపోతే ఒక నిర్దోషి బతుకు పాడవుతుంది.

ఆ యజమాని కంగారులో తప్పు లేదు. ఏ రైతు ఎన్ని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తెచ్చాడు, అవి ఏ ఛాంబర్లో ఉన్నాయి, ఆ సరుకు మీద ఏ బ్యాంకు ఎంత అప్పిచ్చింది, ఇవన్నీ ఉన్నది ఆ ఒక్క పెట్టెలోనే. అది పోతే పోయేది ఆయన లెక్కలొక్కటే కాదు, వందలమంది రైతుల సంవత్సరం కష్టానికి రుజువు పోతుంది.

సరే, అసలు విషయానికొద్దాం. ప్రతి సర్వరూ ఒక చిట్టా రాస్తుంది. దాన్నే లాగ్ అంటారు. మన కొట్లలో చిట్టా ఎలాగో ఇదీ అలాగే. జరిగింది జరిగినట్టు, జరిగిన వరసలో, టైముతో సహా రాసుకుంటూ పోతుంది. విండోస్ సర్వర్లో లోపలికి రాగలిగిన ప్రతి లాగిన్‌కీ 4624 అనే నంబరు పడుతుంది. రాలేక వెనక్కిపోయినదానికి 4625 పడుతుంది. లైనక్స్ సర్వర్లయితే పాస్‌వర్డ్ కుదరలేదన్న మాట, పక్కనే ఆ ప్రయత్నం వచ్చిన అడ్రసు రాసి ఉంటాయి.

చిట్టా తెరవగానే 4625లు వేలకు వేలు కనిపిస్తే గుండె ఝల్లుమంటుంది. ఆ లెక్క చూసి బెదరకండి. అవన్నీ తాళం రాక వెనుదిరిగినవి. మొట్టమొదట చూడవలసింది, అవే అడ్రసుల నుంచి ఒక్క 4624 అయినా ఉందా అని. తట్టినవాళ్లు వెయ్యిమంది ఉన్నా ఫరవాలేదు, లోపలికొచ్చినవాడు ఒక్కడుంటే చాలు కొంప మునగడానికి. నేనూ ముందు అదే చూశాను. ఒక్కటీ లేదు. అప్పుడు కుర్చీ లాక్కుని, కాఫీ తెప్పించుకుని, ఆ కాగితాలు పక్కన పెట్టి, సర్వర్లోని చిట్టానే నేరుగా చదవడం మొదలుపెట్టాను.

ఒక్కో వరసని నాలుగు ప్రశ్నలు అడగాలి. ఎప్పుడు వచ్చింది? ఏ పేరు చెప్పింది? ఎందుకు వెనక్కి పంపారు? ఎక్కణ్నుంచి వచ్చింది?

ఇందులో మూడో ప్రశ్నని చాలామంది వదిలేస్తారు. విండోస్ పైకి ఒకే మాట చెబుతుంది, పేరు తెలియదు లేదా పాస్‌వర్డ్ తప్పు అని. ఆ కిందనే ఒక పొడుగాటి కోడ్ ఉంటుంది. దాని చివర 64 ఉంటే ఆ పేరుతో ఈ సర్వర్లో అసలు ఖాతాయే లేదని అర్థం. చివర 6ఏ ఉంటే పేరు నిజమైనదే, పాస్‌వర్డ్ మాత్రం తప్పని అర్థం. మొదటివాడు చీకట్లో రాయి వేస్తున్నవాడు. రెండోవాడికి ఈ ఇల్లు తెలుసు. కనీసం ఇంట్లోవాళ్ల పేరొకటి తెలుసు.

అలా విడదీస్తూ పోతే ఆ చిట్టాలోని వరసలు రెండు కుప్పలయ్యాయి.

మొదటి కుప్ప చాలా పెద్దది. అడ్మిన్, యూజర్, టెస్ట్, స్కాన్, బ్యాకప్, ఇలాంటి పేర్లు. ఇందులో చాలావాటికి చివర 64. అడ్రసులు నానా దేశాలవి. యజమాని రాత్రిపూట ఇంటి దగ్గర్నుంచి లెక్కల ప్రోగ్రాం ట్యాలీ చూసుకోవడానికని రౌటర్లో ఒక దారి తెరిచిపెట్టారు. దూరం నుంచి విండోస్ కంప్యూటర్ని నడిపే రిమోట్ డెస్క్‌టాప్ అనే సదుపాయానికి 3389 నంబరు పోర్టు ఉంటుంది. ఆ తలుపు ప్రపంచం మొత్తానికీ తెరిచి ఉంది.

"మా గుంటూరు కోల్డ్ స్టోరేజీ మీద రష్యావాడికీ బ్రెజిల్‌వాడికీ కన్నెందుకండీ?" అని ఆయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. వాళ్లకి గుంటూరుతో పనిలేదు. 2013లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు జీమ్యాప్ అనే ప్రోగ్రాం రాశారు. వేగం ఉన్న కనెక్షన్ ఉంటే, ఒకే ఒక్క కంప్యూటర్‌తో, పాత పద్ధతి ఐపీ అడ్రసుల లోకం మొత్తాన్నీ 45 నిమిషాల్లోపు తట్టి రావచ్చని దానితో చూపించారు. ఆ పద్ధతిలో ఉండగల అడ్రసులు దాదాపు 430 కోట్లు. అంటే మన భోజనం ముగిసేలోపు ఒక యంత్రం భూమ్మీద ఉన్న ప్రతి తలుపూ తట్టి, ఏది తెరుచుకుంటుందో రాసుకుని పోగలదు. అది ఎవరినీ ఎంచుకుని రాదు. దారిలో మన గుమ్మం ఉంది కాబట్టి తడుతుంది.

మరి ఆ అడ్రసు పట్టుకుని వెళితే దొంగ దొరకడా? ఇక్కడే జాగ్రత్తగా వినాలి. ఐపీ అడ్రసులు పంచిపెట్టడానికి ప్రపంచంలో అయిదు సంస్థలున్నాయి. మన ప్రాంతానికి ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరంలో ఉన్న ఏపీనిక్. ఈ సంస్థల పట్టీలు ఎవరైనా చూడవచ్చు. ఆ వెతుకులాటకి హూఈజ్ అని పేరు. అందులో దొరికేది ఆ అడ్రసు ఏ ఇంటర్నెట్ కంపెనీ చేతిలో ఉందో, ఫిర్యాదు ఎవరికి పంపాలో, అంతవరకే. మనిషి పేరు ఉండదు. పైగా ఈ రోజుల్లో ఒకే అడ్రసు వెనక వందల ఇళ్లు ఉండవచ్చు. ఫలానా సెకనులో, ఫలానా పోర్టు మీద ఆ అడ్రసు వాడింది ఎవరన్నది ఆ కంపెనీ రికార్డులే చెప్పాలి. వాటిని అడిగే అధికారం చట్టప్రకారం దర్యాప్తు చేసేవాళ్లది.

ఇంకో మాట. ఆ అడ్రసులో ఉన్నవాడు కూడా మనలాగే నష్టపోయినవాడు కావచ్చు. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాం ఇంటర్నెట్‌ని కుదిపేసింది. అది ఎక్కింది పెద్ద కంప్యూటర్లలోకి కాదు. ఇళ్లలో, కొట్లలో పెట్టుకున్న సీసీ కెమెరాలు, వాటి రికార్డర్లు, రౌటర్లు, వీటిలోకి. దాని చేతిలో ఉన్న ఆయుధమల్లా, తయారీలో పెట్టిన పేరూ పాస్‌వర్డూ జతలు 62. కొన్ననాటి పాస్‌వర్డ్ మార్చని కెమెరా కనబడితే చాలు, దూరిపోయి, దాన్ని తన సైన్యంలో కలిపేసుకునేది. అదే ఏడాది అక్టోబరు 21న ఆ కెమెరాల సైన్యమే డైన్ అనే కంపెనీ మీద విరుచుకుపడితే, అమెరికాలో పేరుమోసిన వెబ్‌సైట్లు ఎన్నో గంటల తరబడి అందకుండా పోయాయి. ఆ రోజు అడ్రసులు పట్టుకుని తలుపులు తట్టి ఉంటే ఎవరు తెరిచేవారు? తమ కెమెరా ఏం చేస్తోందో బొత్తిగా తెలియని గృహస్థులు.

ఈ విద్యకి ఆదిపర్వం లాంటి కథ ఒకటి చెబుతాను. 1986 ఆగస్టు. కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల. క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుణ్ని అప్పుడే కంప్యూటర్ విభాగానికి మార్చారు. కంప్యూటర్ వాడుకున్న సమయానికి డబ్బు కట్టే రోజులవి. ఆ నెల లెక్కలో 75 సెంట్ల తేడా వచ్చింది. అంటే డాలరులో ముప్పావు. ఎవరైనా చిల్లర కింద వదిలేసేదే. ఆయన వదల్లేదు. ఎవరూ డబ్బు కట్టని ఒక ఖాతా ఆ తేడా వెనక ఉందని తేల్చాడు. ఫోను లైన్లకి ప్రింటర్లు తగిలించి, దొంగచాటుగా లోపలికి వస్తున్న అపరిచితుడు కొట్టే ప్రతి అక్షరం కాగితం మీద పడేలా చేశాడు. పక్కన నోటుపుస్తకం పెట్టుకుని తేదీ, టైము వేసి అన్నీ రాసుకున్నాడు.

జాడ వెతుకుతూ పోతే మొదట తేలింది అమెరికాలోనే, వర్జీనియా రాష్ట్రంలో, రక్షణశాఖకి పనిచేసే మైటర్ అనే సంస్థ. అక్కడే ఆగి ఉంటే నేరం ఆ సంస్థ నెత్తిన పడేది. నిజానికి ఆ సంస్థ కంప్యూటర్లలోకీ అతనే దూరి, అక్కణ్నుంచి బయటికి ఫోన్లు చేయిస్తున్నాడు. ఆ ఫోను బిల్లులు కడుతూ కూడా వాళ్లకి సంగతి తెలియదు. చివరికి జాడ అట్లాంటిక్ సముద్రం దాటి పశ్చిమ జర్మనీలోని హానోవర్ నగరం చేరింది. లైను మీద అతన్ని ఎక్కువసేపు నిలపడానికి స్టోల్ బోలెడన్ని కల్పిత దస్తావేజులు తయారుచేసి ఎరగా పెట్టాడు. అవి చదువుతూ అతను కూర్చుంటే, ఈలోపు జర్మనీ టెలిఫోను సిబ్బంది లైను పట్టుకున్నారు. దొరికిన వ్యక్తి మార్కస్ హెస్. అమెరికా సైనిక కంప్యూటర్ల సమాచారం సోవియట్ గూఢచారి సంస్థకి అమ్మిన బృందంలో ఒకడు. 1990లో అక్కడి కోర్టు వాళ్లకి శిక్ష వేసింది.

75 సెంట్ల నుంచి హానోవర్ దాకా పట్టిన కాలం నెలల తరబడి. ఆ కాలమంతా ఆ శాస్త్రజ్ఞుడు ఏ మజిలీలో కనబడినవాణ్నీ దొంగ అని తేల్చేసి ఆగిపోలేదు. ఇతని వెనక ఇంకెవరున్నారు అనే అడుగుతూ పోయాడు. నాకు ఆ కథలో నచ్చింది ఆ ఓపిక.

ఇక గుంటూరు వద్దాం. మొదటి కుప్పకి మందు తేలికే. రౌటర్లో తెరిచిన 3389 దారి మూసేశాను. నిమిషంలో ఆ వరద ఆగిపోయింది. యజమాని ఇంటి నుంచి చూసుకోవడానికి, గుర్తింపు రుజువయ్యాకే తెరుచుకునే వీపీఎన్ దారి ఒకటి తర్వాత పెట్టుకున్నాం.

మిగిలింది రెండో కుప్ప. అందులో పేరు ఒక్కటే. ఎర్ర సున్నా చుట్టిన పేరు. కోడ్ చివర 6ఏ. ఖాతా నిజమైనదే. అబ్బాయి మానేసిన రోజున యజమాని ఆ ఖాతా తీసేయకుండా పాస్‌వర్డ్ ఒకటి మార్చి ఊరుకున్నారు. అంటే ఆ ఖాతా పేరు తెలిసినవాళ్లెవరో పదేపదే ప్రయత్నిస్తున్నారన్నమాట. ఇక్కడిదాకా చూస్తే ఆయన అనుమానమే నిజమనిపిస్తుంది.

అయితే మొదటి ప్రశ్న, ఎప్పుడు వచ్చింది అన్నది, ఇంకా అడగలేదు కదా. చూస్తే ప్రతి గంటలోనూ సరిగ్గా 5వ నిమిషం, 35వ నిమిషం. సెకన్లతో సహా అదే. మనిషి అలా తట్టడు. మనిషికి ఆకలేస్తుంది, నిద్రొస్తుంది, విసుగొస్తుంది. ఇంకొకటి, ఆ వరసలు పట్టపగలు కూడా ఉన్నాయి. దొంగలు రాత్రే వస్తారన్న నమ్మకంతో ఆయన రాత్రివి మాత్రమే ప్రింటు తీయించారు.

నాలుగో ప్రశ్న, ఎక్కణ్నుంచి? అడ్రసు 192.168 అని మొదలవుతోంది. ఆ అంకెలతో మొదలయ్యేవి బయట ఇంటర్నెట్‌లో చెల్లవు. అవి చాలా ఆఫీసుల్లో రౌటర్ తన లోపలివాళ్లకి పంచిపెట్టే నంబర్లు. అంటే తడుతున్నది వీధి తలుపు కాదు, వంటింటి తలుపు.

చిట్టాలో కంప్యూటర్ పేరు కూడా పడింది. డెస్క్‌టాప్ అని మొదలై, తర్వాత అర్థంలేని అక్షరాలు. విండోస్ తనంతట తాను పెట్టుకునే పేరది. ఆఫీసులో తొమ్మిది కంప్యూటర్లు. ఒక్కొక్కటీ తిరిగి పేరు చూశాను. ఏదీ కాదు. "ఇంకేమైనా ఉన్నాయా?" అంటే "అంతేనండీ" అన్నారు.

కేబుళ్లన్నీ వచ్చి చేరే స్విచ్ దగ్గరికి వెళ్లాను. మిర్చి ఘాటు ఆ డబ్బాలో కూడా ఉంది, ఎర్రటి దుమ్ము పేరుకుంది. తొమ్మిది తీగలు ఉండాల్సిన చోట, సర్వర్‌దీ రౌటర్‌దీ ప్రింటర్‌దీ పోను, పది. పదో తీగ గోడకున్న బొక్కలోంచి బయటికి పోతోంది. 11 గంటల 30 నిమిషాలకి దాన్ని పీకాను. 35 దాటింది, చిట్టాలో వరస పడలేదు. మళ్లీ తగిలించాను. 12 గంటల 5 నిమిషాలకి వరస పడింది. ఒక్కసారి చూసి నమ్మకూడదని ఇంకోసారి పీకి చూశాను. 35కి మళ్లీ నిశ్శబ్దం.

ఆ తీగ వెంట నడిచి వెళితే కాటా గది వచ్చింది. లారీలు తూచే చోట, బరువు చీటీలు కొట్టే ఒక పాత కంప్యూటర్. అది కంప్యూటర్ అని ఎవరికీ తట్టలేదు, వాళ్లకి అది కాటా. తెరమీద టైము 11 నిమిషాలు వెనకపడి ఉంది, లోపలి బ్యాటరీ అయిపోయింది. అందులో ప్రతి గంటా 24వ నిమిషానికీ 54వ నిమిషానికీ నడిచే చిన్న ప్రోగ్రాం ఒకటి కనబడింది. 11 కలిపి చూడండి, సర్వర్ చిట్టాలోని 35, 5 వస్తాయి. ఫైలు తెరిచి చదివాను. సర్వర్లోని లెక్కలన్నీ అరగంటకొకసారి తెచ్చి ఈ కంప్యూటర్లో కాపీ పెట్టమని నాలుగంటే నాలుగు వరసల్లో రాసి ఉంది. సర్వర్లోకి వెళ్లడానికి ఆ అబ్బాయి పేరు, పాత పాస్‌వర్డ్. అలా పాస్‌వర్డ్ ఫైల్లో రాసిపెట్టడం మంచి పద్ధతి కాదు. కానీ ఉద్దేశం దొంగతనం కాదు, కాపలా.

యజమానిని అక్కడికే పిలిచి చూపించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయనకే గుర్తొచ్చింది. అంతకుముందు ఒకసారి పిడుగు పడి సర్వర్ డిస్క్ కాలిపోతే, రైతుల చీటీలు ముందేసుకుని నాలుగు రోజులు పద్దులన్నీ తిరిగి రాయాల్సివచ్చింది. అప్పుడే ఆ అబ్బాయి, "సార్, ఇంకో కాపీ కాటా గదిలో ఉండేలా పెడతాను" అన్నాడట. ఈయన సరేనని మరిచిపోయారు. పాస్‌వర్డ్ మార్చిన రోజు నుంచి ఆ కాపీ ఆగిపోయింది. రెండు నెలలుగా సీజన్ లెక్కలకి రెండో ప్రతి లేదు. ఆ కాపలాదారు మాత్రం అరగంటకొకసారి వచ్చి తలుపు తడుతూనే ఉన్నాడు. తాళం మార్చింది మనం.

శ్రోతలారా, మీ సర్వర్లోనూ ఇలాంటి వరసలు కనబడవచ్చు. అప్పుడు ఏం చేయాలో నాలుగు మాటల్లో చెబుతాను. మొదట ఆ చిట్టాని వేరే చోట భద్రపరచండి. లాగ్‌కి కొంత పరిమాణమే ఉంటుంది, నిండితే పాత వరసలు చెరిగిపోతాయి. వరద ఎక్కువైనప్పుడు ఇంకా తొందరగా చెరుగుతాయి. గడియారాలన్నీ ఒకే టైము చూపేలా సరిచేయండి. కాటా గదిలో 11 నిమిషాల తేడా సంగతి విన్నారు కదా. కొన్ని యంత్రాలు మన టైము కాకుండా, మనకి అయిదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ సమయం రాస్తాయి, అదీ చూసుకోండి. మన దేశంలో కంప్యూటర్ భద్రతని చూసే సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లోనూ ఇవే ఉన్నాయి. కంపెనీలు లాగ్‌లు 180 రోజులు దాచాలి. గడియారాలు ప్రభుత్వం చూపిన సమయ కేంద్రాలతో సరిపోవాలి. అనుమతి లేకుండా ఎవరైనా లోపలికొచ్చినట్టు తెలిస్తే ఆరు గంటల్లోగా తెలియజేయాలి. ఆ ఆదేశాల మాట అలా ఉంచి, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకి ఫోన్ చేయాలి.

కోపంకొద్దీ ఆ అడ్రసు మీదికి మీరు ఎదురు దూరబోకండి. ఐటీ చట్టం 66వ సెక్షను కింద అది మీ నేరమవుతుంది. మూడేళ్లదాకా జైలు, అయిదు లక్షలదాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఉద్యోగి మానేసిన రోజున అతని ఖాతా మూసేయండి. మూసేముందు, ఆ పేరు మీద ఇంకేమేం పనులు నడుస్తున్నాయో అతన్నే కూర్చోబెట్టుకుని రాసుకోండి. ఒక కప్పు టీ తాగేంత సేపు పడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, చిట్టాలో ఒక పేరు కనబడగానే కలం తీయకండి. యంత్రం రాసింది ఒక పేరు చెప్పారని మాత్రమే. ఎవరు చెప్పారో అది రాయలేదు. పల్లెటూళ్లలో, చిన్న పట్నాల్లో, లెక్కలు రాసుకుని బతికే కుర్రాడి మీద దొంగ అన్న మాట పడితే ఇంకో కొట్టువాడు గుమ్మం ఎక్కనివ్వడు. కోర్టులో గెలిచినా ఆ మచ్చ పోదు. అందుకే నాలుగు ప్రశ్నలూ అడిగేదాకా ఆగాలి.

ఆ రోజు కాటా గదిలోంచే యజమాని ఆ అబ్బాయికి ఫోన్ చేశారు. లారీ ఒకటి హారను కొడుతోంది. ఎర్ర సున్నా సంగతి ఆయన ఎత్తలేదు. "బాబూ, ఇక్కడ నువ్వు పెట్టిన కాపీ ఆగిపోయిందిరా. కొత్త పాస్‌వర్డ్ ఎక్కడ మార్చాలో కొంచెం చెబుతావా?" అన్నారు. అవతల్నుంచి ఆ అబ్బాయి, చూసి చదువుతున్నట్టు, ఏ ఫైలు, ఎన్నో వరస, అంతా చెప్పాడు. చివర్లో "బ్యాటరీ కూడా మార్పించండి సార్, గడియారం వెనక్కి పోతుంటుంది" అన్నాడు. మధ్యాహ్నం 1 గంట 35 నిమిషాలకి చిట్టాలో ఆ పేరు మళ్లీ పడింది. ఈసారి పక్కన ఉన్న నంబరు 4624.